గాలి సంచీ మనిషి

అచ్చుబొమ్మల దుకాణం ముందు నిలబడ్డ పెద్దాయన భుజమ్మీద కుళ్ళిన చేప వచ్చి పడింది.

"గాలి సంచీ! గాలి సంచీ!" వీధిలో నవ్వులు.

ఆయన కోటు దులుపుకుని లోపలికొచ్చాడు.

దుకాణం చూసుకునే హెండ్రికా గుర్తుపట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇప్పుడు ఆ ముఖం తెలియనివాళ్ళు లేరు.

వ్యాపార కంపెనీల వాటాలమ్మే కాఫీ దుకాణం గుమ్మంలో ఈయన ఒకతన్ని చెయ్యి పట్టుకుని లాగుతుంటే ఆమె భర్త యోస్ట్ చూశాడు. చూసింది చూసినట్టు రాగిరేకు మీద చెక్కి, రెండో చేతికి ఓ గాలి సంచీ తగిలించాడు. 'రండి, గాలి కొనండి' అని కింద రాశాడు. అచ్చయిన బొమ్మలు తడి ఆరకముందే అమ్ముడుపోతున్నాయి.

"అమ్మా, ఆ రేకు మీద నా ముఖం గీకేయించండి. ఇంకెవరిదైనా పెట్టుకోండి."

"ఏం, సిగ్గేస్తోందా?"

"సిగ్గు కాదమ్మా. నా మాట ఎవరూ వినడం లేదు."

"వినకూడదనే వేశాం!"

తీగ మీద కాగితాలు ఆరేస్తున్న యోస్ట్ పకపకా నవ్వాడు.

"నేనక్కడ నిలబడేది ఎందుకంటే..."

"ఎందుకో ఊరంతా చూసింది లెండి. నాన్న ఇచ్చిన రొట్టెల బట్టీ అమ్మి మీ వాటాలు కొంటానని మా తమ్ముడు మొండికేసి కూర్చున్నాడు. ఈ బొమ్మ చూసైనా వాడికి బుద్ధి రావాలి."

"మీ తమ్ముడి పేరేమిటమ్మా?"

"పేరు కూడా కావాలా, వల వెయ్యడానికి? దయచేయండి!"

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే హెండ్రికా ఓ బొమ్మ తీసుకెళ్ళి తమ్ముడు ఫ్లోరిస్ చేతిలో పెట్టింది. వాడు నవ్వి బట్టీ గోడకి అంటించుకున్నాడు.

చలి ముదిరేలోపే వాటాల ధరల్లో గాలి దిగిపోయింది. వాటాల కాగితాల్లో చేపలు చుట్టి ఇస్తున్నారు.

ఓ ఉదయం ఫ్లోరిస్ వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. ఎప్పుడూ పిండి అంటుకుని ఉండే చేతులు శుభ్రంగా ఉన్నాయి.

"బట్టీ పోయిందక్కా."

"బొమ్మ తెచ్చి మరీ చూపించాను కదరా!"

"చూపించావు. అందుకే కొన్నాను."

"అదేం మాటరా?"

"కాఫీ దుకాణం గుమ్మంలో ఆ గాలి సంచీ మనిషే అడ్డమొచ్చాడు. అంత మోసగాడు చెప్పినదానికి వ్యతిరేకంగా చేస్తే బాగుపడతాననుకున్నా."

"ఏం చెప్పాడు?"

ఫ్లోరిస్ తల ఎత్తలేదు.

"'కొనకు బాబూ, ఇంటికి పో' అని వీధి మలుపుదాకా నన్ను వెనక్కి లాక్కొచ్చాడక్కా... అక్కడికొచ్చిన ప్రతివాణ్ణీ అలాగే లాగుతాడట."