ఐదేళ్ల గ్యారంటీ

"ఏయ్ తాతా! ఏటి సేత్తన్నావు?"

మణిదీప్ కేకకి గుడిగంట కొట్టబోతున్న అక్క బిందుమాధవి ఉలిక్కిపడింది. ఆమె చంకలోని మూడు నెలల పాప ఏడుపు లంకించుకుంది.

అనంతగిరి ఘాట్‌లో మలుపుతల్లి గుడి దగ్గర ఆగకుండా ఏ బండీ కిందికి దిగదు. డ్రైవరు ముందు చక్రం కింద నిమ్మకాయ పెడతాడు. ఈలోగా ఓ ముసలాయన వేణ్ణీళ్ల కెటిలు, పాతగుడ్డ పట్టుకొచ్చి వెనక లైట్లు తుడుస్తాడు, వాటి మీద ఏదైనా అంటించి ఉంటే ఊడదీస్తాడు.

అడగడు, చెయ్యి చాచడు. ఎవరైనా టీ ఇప్పిస్తే తాగుతాడు. అందరూ గుడ్డతాత అంటారు.

మణిదీప్‌కి ఇదేమీ తెలియదు. కారు కొని నెల కాలేదు. హుకుంపేటలో బావ దగ్గర్నుంచి అక్కనీ పాపనీ ఎస్.కోటలో పుట్టింటికి తీసుకెళుతున్నాడు.

అతను నిమ్మకాయ పెట్టి లేచేసరికి, తాత కుడివైపు వెనక లైటు మీద వేణ్ణీళ్లు పోసి, దానికి సోకు కోసం అంటించిన నల్ల ఫిల్మ్‌ని బొటనవేలి గోరుతో సగం దాకా ఊడదీసేశాడు.

"మంచు బాగా పట్టింది బాబూ. ఎనకొచ్చీవోడికి నీ ఎర్రలైటు కనబడదు. లైట్ల మీద ఏదీ అంటించకూడదని రూలు కూడా ఉంది."

"పోలీసోళ్లే ఏటీ అన్లేదు, మజ్జిన నువ్వేటి? ఫైనేస్తే నేను కట్టుకుంటాను!"

"ఫైను నువ్వే కట్టుకుంటావు బాబూ. ఎనక సీట్లో కూకునేది ఆ పసిగుంట కదా."

మణిదీప్‌కి ఒళ్లు మండింది. కారులోంచి ఓ కార్డు తెచ్చి తాత మొహం ముందు ఆడించాడు.

"సూడు! సన్యాసి స్టిక్కర్స్. ముప్పయ్యేళ్ల నుంచి పేరున్న షాపు. ఐదేళ్ల గ్యారంటీ ఇచ్చారు. ఆళ్లకి తెలీదా? నీకు తెలుసా?"

తాత కార్డు అందుకుని చాలాసేపు చూశాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"ఆళ్లకి తెల్దు బాబూ," అని మళ్లీ లైటు మీదికి వంగాడు.

మణిదీప్ ఆయన చేతిలో గుడ్డ లాక్కుని లోయలోకి విసిరేశాడు.

"ఏట్రా ఆ పొగరు? తాత వయసురా ఆయనది!" అంది అక్క.

"నువ్వు బేగి ఎక్కక్కా."

నాలుగు మలుపులు దిగారో లేదో, మంచులోంచి గేదెల మంద రోడ్డుకి అడ్డం వచ్చింది. మణిదీప్ బ్రేకు మీద నిలబడ్డాడు.

వెనక నుంచి గట్టిగా కీచుమన్న చప్పుడు. సిల్వర్‌ఓక్ దుంగల లారీ కారుకి జానెడు దూరంలో ఆగింది.

వెనక సీట్లో బిందుమాధవి పాపని గుండెకి అదుముకుంది.

లారీ డ్రైవరు వరహాలరావు దూకినట్టు దిగాడు.

"నీ బండికి ఎనక లైట్లున్నాయేట్రా? ఎడమేపు సీకటి! కుడేపు అరసెయ్యంత ఎరుపు కనబడితే తొక్కినాను. అది కూడా లేకపోతే, ఆ తల్లీ పిల్లా ఏటయిపోదురు?"

మణిదీప్ కారు దిగాడు. వెనక్కెళ్లి చూశాడు. తాత ఊడదీసిన మేరకే లైటు ఎర్రగా వెలుగుతోంది.

మిగతాది తనే పీకబోయాడు. ఫిల్మ్ ముక్కలు ముక్కలుగా చిరిగింది, గోరు విరిగింది, జిగురంతా అక్కడే ఉండిపోయింది. తాత తీసిన చోట ఒక్క గీత లేదు.

"ఎనక్కి తిప్పరా. తాతకి దండం పెట్టి వద్దాం," అంది బిందుమాధవి.

సిగ్గేసింది వాడికి. "నిన్ను దింపడానికి మళ్లీ రావాల కదక్కా. అప్పుడు పెడతాన్లే."

అప్పుడంటే పది రోజులకి. ఈసారి రెండు లైట్లూ శుభ్రంగా ఉన్నాయి. కారులో తాత కోసం కొత్త తువ్వాలు, మందపాటి రగ్గు ఉన్నాయి.

గుడి దగ్గర తాత లేడు. నిమ్మకాయలమ్మే గంగ ఒక్కతే కూర్చుని ఉంది.

"తాతేడి?"

"పోయాడు బాబూ, ఆరు రోజులయింది. ఆయన గుడ్డ ఎవరో లోయలో పారేసినారంట. తలకి సుట్టుకున్న తువ్వాలు తీసి దాంతోనే తుడిసినాడు, ఆ మంచులో. జొరమొచ్చి మరి లేవలేదు."

మణిదీప్ తల వంచుకున్నాడు. అక్క వాడివైపు చూడలేదు.

"పడేసింది నేనే," అన్నాడు.

గంగ వాణ్ణి ఓ క్షణం చూసింది. తిట్టలేదు.

"మూడేళ్లు ఈ గుడి సపటా మీదే తొంగున్నాడు. ఏ ఊరు తాతా అంటే 'కిందూరు' అనీవోడు. ముసలోడివి, ఇంకెన్నాళ్లు పీకుతావు, తుడుత్తావు అంటే, 'ఇంకా సానా ఉన్నాయి గంగా, ఒక్కడి సేత అవుద్దా' అనీవోడు. కొడుకులున్నారని ఆల్లొచ్చి సవాన్ని తీసుకెల్లీదాకా మాకు తెల్దు."

కొంగుముడి విప్పి, మడతపెట్టిన కార్డు ఒకటి తీసింది.

"పెద్దకార్యానికి రమ్మని నిన్న మల్లీ వచ్చి ఇచ్చారు. నాకు సదువు రాదు. ఏటుందో సెప్పు బాబూ."

మణిదీప్ కార్డు విప్పాడు. ఇస్త్రీ చొక్కాలో గుడ్డతాత ఫోటో. కింద రాసింది చూసి, కార్డు అక్క చేతిలో పెట్టాడు. అక్క పైకి చదివింది.

"కీర్తిశేషులు సన్యాసిరావు గారు, సన్యాసి స్టిక్కర్స్ వ్యవస్థాపకులు, ఎస్.కోట."