రాయమల్లు సైకిల్‌కు కొత్త గేర్లు

"వచ్చిండు బిడ్డా! మా ఆయన ఇంటికొచ్చిండు!"

పక్కింటి ముసలి కనకవ్వ గేటు దగ్గరి నుంచే కేక వేసింది. తలకిందులుగా నిలబెట్టిన సైకిల్ పెడలు గిరగిరా తిప్పుతున్న జమున చెయ్యి తీసేసింది. వెనక చక్రం మాత్రం టిక్కుటిక్కుమంటూ ఇంకాసేపు తిరిగింది. పెళ్లయి నలభై రోజులైన జమునకు ఆ చప్పుడంటే తెగ ముచ్చట. మధ్యాహ్నం నుంచి పదిసార్లయినా తిప్పి ఉంటుంది.

"మంచి మాట చెప్పినవ్ అవ్వా! ఏ ఊరికెల్లి వచ్చిండు?" అంది నవ్వుతూ.

బ్రేకు తీగ బిగిస్తున్న వీరేందర్ తల ఎత్తకుండానే, భార్యకు మాత్రమే వినిపించేలా అన్నాడు. "రాయమల్లు కాక పోయి పదకొండేండ్లు. బొగ్గు బాయిల పైకప్పు కూలింది. పీనుగ గూడ దొరకలే. ఈ సైకిల్ ఆయనదే. తుప్పు పడుతుందని పోయిన నెల అవ్వే నాకిచ్చింది."

జమున నవ్వు పెదవుల మీదే ఆగిపోయింది.

కనకవ్వ వాకిట్లోకి వచ్చి సైకిల్ పక్కన చతికిలబడింది. "పదకొండేండ్ల సంది ఒక్కనాడు కనపడలే బిడ్డా. ఇయ్యాల ఫస్టు షిఫ్టు సైరన్ కూసింది. లేచి చూద్దునా, గోడ తడుముతుండు. సైకిల్ ఆనిచ్చే గోడ. ఇటు తడిమిండు, అటు తడిమిండు. 'ఏది?' అన్నడు. గంతే, ఇంకో మాట లేదు. సద్ది కట్టిస్తే ముట్టలే. సున్నమేసిన గోడ, నిండ మసి చేతులే."

"కల గిట్ల వచ్చిందేమో అవ్వా" అన్నాడు వీరేందర్.

"కలల మసి అంటుతదారా?"

ఆమె వెండి రంగు కొత్త రిమ్ములను, నల్లటి బ్రేకు పిడులను, ఎనిమిది పళ్లచక్రాల గేర్లను ఒక్కొక్కటే ముట్టుకుని చూసింది. చివరికి పాత ఉక్కు గొట్టం మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు అట్లాగే ఉంచింది.

"ఒళ్లు ఆయనదే. కాళ్లుచేతులే మారినయ్" అంది. తర్వాత మూలనున్న గోనెసంచిని దగ్గరికి లాక్కుంది. అందులో పాత చక్రాలు, వంకర హ్యాండిలు, గొలుసు ఉన్నాయి. "ఇవన్ని మళ్ల పెట్టు వీరేందరూ. రేపటికల్ల ఆయన సైకిల్ ఆయనకు గావాలె. నాగా పడితే తట్టుకోడు. ఇయ్యాల మస్టర్ల హాజరు పోయిందని అప్పటిసంది ఒక్కతీరుగ తిరుగుతుండు."

"ఎట్ల పెట్టాలె అవ్వా? గేర్ల చక్రం పట్టాలని వెల్డింగు షాపు అస్గర్ వెనక ఫోర్కును వెడల్పు చేసిండు. పాత చక్రం ఇగ అండ్ల కూసోదు."

నమ్మకం కలగడానికి కొత్త చక్రం విప్పి పాతది పెట్టి చూపించాడు. పక్కన చిటికెన వేలంత సందు మిగిలింది. కనకవ్వ ఆ సందులో వేలు పెట్టి చూసుకుంది.

"అయితే గిట్లనే ఇచ్చెయ్. గేర్లు ఆయనే నేర్చుకుంటడు."

వీరేందర్ గుడ్డకు చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో సామాను హైదరాబాద్ నుంచి తెప్పించుకుని, నెల రోజులుగా డ్యూటీ దిగి స్నానమైనా చెయ్యకుండా కూర్చున్నాడు దీని ముందు. ఆదివారం జమునను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని గోదావరి వంతెన మీదుగా జైపూర్ దాకా పోదామన్నాడు. జమున ఆ రోజుకని చీర కూడా తీసిపెట్టుకుంది.

"ఆమెదే కద జమునా, ఇచ్చేద్దాం" అన్నాడు. ఆ గొంతు వింటే జమునకు ఏడుపొచ్చినంత పనైంది.

అంతలోనే ఆమెకు ఒక ఉపాయం తోచింది. తోచడంతోనే కళ్లు మెరిశాయి.

"అవ్వా, కాకకు సైకిల్ గావాల్నా, డ్యూటీకి పోవుడు గావాల్నా?"

"డ్యూటీకే బిడ్డా. సైకిల్ ఏం జేసుకుంటడు?"

"మరింకేం ఫికర్? మా బావది గూడ బాయిల ఫస్టు షిఫ్టే. రేపటిసంది దీని మీదనే పోతడు. కాకను ముందు కడ్డీ మీద కూసోమను. అది నా జాగ, గని కాకకిస్త పో!"

వీరేందర్ ఫక్కున నవ్వాడు. "సగం తొవ్వల బరువైతే దించుత మల్ల!"

కనకవ్వ నవ్వలేదు. జమున ముఖంలోకి సూటిగా చూసింది. "నవ్వులాటకంటున్నవా, మనసుల కెల్లి అంటున్నవా?"

"మనసుల కెల్లే అవ్వా."

"బాయి గేటు కాడ దించి వస్తనంటే ఒప్పుకోడు ఆయన. తోడంటే తోడే."

"ఎక్కడిదాక పోతే అక్కడిదాక తోడు పంపిస్త. సరేనా?"

"మీ ఆయనను?"

"మా ఆయననే!"

కనకవ్వ ముఖం విప్పారింది. గోనెసంచిని మళ్లీ మూలకు జరిపి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "సైకిల్ మీరే ఉంచుకోండ్రి బిడ్డా. ఇగ నాకేం రంది లేదు."

జమున భర్త వైపు తిరిగి కళ్లెగరేసింది, చూశావా నా తెలివి అన్నట్టు. వీరేందర్ అప్పటికే కొత్త చక్రాన్ని దాని చోట బిగిస్తున్నాడు. సంతోషం పట్టలేక జమున పెడలు అందుకుని ఇంకోసారి తిప్పింది. టిక్కుటిక్కుమంది.

కనకవ్వ గేటు దాకా పోయి ఆగింది. అక్కడ ఎవరూ లేరు. ఎత్తుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు తల పైకెత్తి, మెల్లగా అంది.

"పెండ్లామే ఒప్పుకున్నది, విన్నవు గద. రేపు ఫస్టు షిఫ్టుకు ఒక్కనివి పోకు, నువ్వున్న కాడికే ఈ పిలగాన్ని గూడ తోల్కపో."