టైల్స్ మీద మ్యాట్లు

"ఒరేయ్, నువ్వు ఎక్కడో పడతావురా. నాకు భయంగా ఉంది."

కొడుకు స్టూలు మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. ఇంకా ఏమీ జరగలేదు. కానీ ఏదైనా జరిగేదాకా ఆగడం తల్లికి చేతకాదు. ఇంట్లో ఎవరైనా రెండుసార్లు దగ్గితే చాలు, ఆమె మనసు శ్మశానం దాకా వెళ్ళి వచ్చేస్తుంది.

"పొద్దున్నే ఈ మాటలేంటమ్మా?" నవ్వాడు.

నవ్వితే పోయే భయం కాదది. వాడు టైల్స్ మేస్త్రీ. సొంత ఇంటి నేలను అద్దంలా ఉంచుకునేవాడు. దానిమీద గీత పడితే భార్యతో పెద్ద గొడవ. అలాంటివాడు ఉన్నట్టుండి ఇల్లంతా రబ్బరు మ్యాట్లు పరిచేశాడు. బాత్రూం గోడలకు స్టీలు పిడులు బిగించాడు. పడతానని భయం లేనివాడికి ఇవన్నీ ఎందుకు?

అడిగితే, "కొత్త ఫ్యాషనమ్మా" అన్నాడు.

ఆ మధ్య వాడి నడుంనొప్పికి వీధి చివరి డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళింది. పనిలో పనిగా ఆయన తనకూ బీపీ చూశాడు, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి. తర్వాత తనను బయట కూర్చోమని, మాట్లాడిందంతా వాడితోనే. నడుంనొప్పికి అంతసేపు మాటలా?

నిన్న సాయంత్రం తలుపు సందులోంచి అసలు సంగతి వినబడింది.

"లేచి నిలబడగానే బీపీ పడిపోతోందట. రక్తాన్ని తలకెక్కించే నరాలు మెల్లగా చచ్చిపోతున్నాయట," వాడు కోడలితో అంటున్నాడు. "అమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పకు."

భర్త కూడా ఇలాగే గుండెజబ్బు దాచి దాచి, ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ఇప్పుడు కొడుకూ అదే దారి. వాడికి కోడలు వత్తాసు. ఈ ఇంట్లో తనొక్కతే పరాయిది.

ఇక ఉండబట్టలేకపోయింది. "అసలు నేను నీకు ఏమవుతానురా?" అంటూ కుర్చీలోంచి దిగ్గున లేచింది.

కొడుకు నేలమీద ఉన్నాడు. ఒక కాలికే బూటు. మోచెయ్యి గీరుకుపోయి రక్తం. స్టూలు తిరగబడి ఉంది. వాడు ఎప్పుడు పడ్డాడో ఆమె చూడనే లేదు. ఏ కంగారులో కూలబడిందో, తనూ వాడి పక్కనే ఉంది.

"చూశావా! అన్నంతా అయింది!"

"కాలు జారిందమ్మా," అన్నాడు ఎటో చూస్తూ.

"మ్యాట్ల మీదా?"

కోడలు అందుకుంది. "నరాల డాక్టరు దగ్గరికి ఇప్పుడే వెళ్దాం. మీరూ తోడు రండి, అత్తయ్యా."

"రాకేం? కన్నదాన్ని. నాకు చెప్పకపోయినా వస్తాను."

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని ఇద్దరూ చెరోపక్క కూర్చున్నారు, కాపలా కాస్తున్నట్టు. ఆమె మొదట మూతి ముడుచుకుంది. తర్వాత సణిగింది. చివరికి గొంతు పెరిగింది.

"దాచండి, బాగా దాచండి! మీ నాన్న చేసిన మోసం చాలదనా, నువ్వూ మొదలెట్టావు?" అంటూ లేచింది.

"అమ్మా, లేవకు!"

కొడుకు మళ్ళీ నేలమీదే ఉన్నాడు, మోకాళ్ళ మీద. చుట్టూ జనం. ఎవరో నీళ్ళు తెచ్చారు. కోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. వాడి చొక్కా తల్లి గుప్పిట్లో నలిగిపోయి ఉంది.

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. "మళ్ళీ పడ్డావు కదరా! అమ్మనైనా నమ్మవా? ఇప్పుడైనా నిజం చెప్పు. ఎన్నాళ్ళ నుంచి పడుతున్నావు?"

మూగిన జనం ఒక్కొక్కరే తప్పుకున్నారు. తలుపు తీసిన నర్సు, వీళ్ళను చూసి పిలవకుండా ఆగిపోయింది. తల్లి వాడి మొహంలోకే చూస్తోంది.

కొడుకు ఆమె జుట్టుకంటిన దుమ్ము దులుపుతూ అన్నాడు:

"నేను ఒక్కసారి కూడా పడలేదమ్మా, పడుతున్నదల్లా నువ్వే."