రెండో పెడల్

“ఆపు! ఆపమ్మాయ్! ఆపూ!”

కోడలు కారు ఆపింది. ముందున్న లారీకీ కారుకీ నడుమ ఇంకో కారు పట్టేంత చోటుంది. అయినా పక్క సీట్లో మామగారు రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి, ఒళ్ళంతా చెమటతో తడిసిపోయి ఉన్నారు. సర్వీసంతా బస్సు నడిపిన మనిషి. పక్కన కూర్చోవడం ఆయనకింకా అలవాటు కాలేదు.

“ఈ బ్రేకుల్ని నమ్ముకుంటే నేరుగా పైకే. బాగుచేయించేదాకా ఈ బండి వాకిలి దాటడానికి వీల్లేదు. నా బండి, నా మాట!”

కారు లేకపోతే కోడలు ఊరికి ఆ చివరనున్న ఆసుపత్రి ల్యాబుకి వేళకి చేరలేదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే పనిలోంచి తీసేస్తామని పెద్ద డాక్టరు ముందే చెప్పేశాడు. కారు మెకానిక్ దగ్గరికి తిప్పింది.

మెకానిక్ చక్రాలు విప్పి చూశాడు. “పెద్దాయనా, బ్రేకులు శుభ్రంగా ఉన్నాయి. రోజూ ఊళ్ళో తిరిగే బండికి ఇవి చాలు.”

“నీకేం తెలుసురా? నేను తొక్కాక ఎంతసేపటికి ఆగుతోందో నా కాలినడుగు!”

మెకానిక్ కారులోకి తొంగిచూశాడు. పక్క సీటు ముందున్న మ్యాట్ చిల్లు పడి ఉంది. నవ్వు దిగమింగుకుని, నాలుగు చక్రాలకీ మంచి రకం బ్రేకు డిస్కులూ ప్యాడ్లూ బిగించాడు.

మర్నాడు కోడలు మలుపు దగ్గర బ్రేకు మీద అలా కాలు ఆనించిందో లేదో కారు ఠక్కున నిలబడింది. మామగారి కళ్ళజోడు ఎగిరి అద్దానికి కొట్టుకుంది.

“ఇప్పుడెలా ఉంది మామయ్యా?”

“బ్రేకు కళ్ళజోడుకి బాగానే అందింది. నా కాలికే అందట్లేదు” అంటూ మామగారు తాళంచెవి జేబులో వేసుకున్నారు.

కోడలు ఆసుపత్రిలో సెలవు పెట్టి, ఆయన్ని బతిమాలి, మళ్ళీ మెకానిక్ దగ్గరికి వెళ్ళింది. వాణ్ణి పక్కకి పిలిచి చెవిలో ఏదో చెప్పింది. వాడి మొహం చేటంత అయింది. సాయంత్రానికి పక్క సీటు ముందు తళతళలాడుతూ రెండో బ్రేకు పెడల్ వెలిసింది, డ్రైవింగ్ స్కూలు బళ్ళలో ఉన్నట్టే.

ఇక మామగారి దర్జా చూడాలి. సిగ్నల్ దగ్గర ఆయన తొక్కారు, కారు ఆగింది. గుంత ముందు తొక్కారు, ఆగింది. కుక్క అడ్డొస్తే తొక్కారు, ఆగింది.

“అదీ బ్రేకంటే! నువ్వు స్టీరింగ్ సంగతి చూసుకో అమ్మాయ్. తక్కినదంతా నాకొదిలెయ్.”

రోజూ పొద్దున్నే తాళంచెవి తనే తెచ్చి కోడలి చేతిలో పెట్టేవారు. పార్కులో స్నేహితులందరికీ చెప్పేశారు కూడా: “మా కోడలు తిప్పుతుంది, నేను ఆపుతాను.”

ఆదివారం నాడు మెకానిక్‌ని మెచ్చుకోవాల్సిందేనని పట్టుబట్టి కోడల్ని ఆయనే బయల్దేరదీశారు. వాడి భుజం తట్టి, “పనిమంతుడివిరా” అని, మళ్ళీ కారు దగ్గరికి వెళ్ళారు. కోడలూ మెకానిక్కూ షెడ్డు లోపల టీ తాగుతూ కూర్చున్నారు.

కోడలు గొంతు తగ్గించింది. “అది దేనికీ కలపలేదు కదా?”

“ఒట్టి రేకుముక్కమ్మా. కింద ఓ స్ప్రింగు పెట్టాను. తొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. అంతే!”

ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. అంతలో మామగారు చేతులు తుడుచుకుంటూ షెడ్డులోకి వచ్చి, బల్ల మీద టీ గ్లాసు పక్కన నల్లటి ఇనుపముక్క ఒకటి ఠంగుమని పెట్టారు.

“నీ వైపు బ్రేకు పీకేశానమ్మాయ్. ఎలాగూ ఆపేది నేనే కదా, నీకెందుకూ ఊరికే కాలునొప్పి!”