పరుపులాయన చదువు

పరుపులాయన మళ్ళీ తప్పాడు.

"ప్రశ్న మీరే అడిగారు. జవాబు కూడా మీరే చెప్పేశారు," అంది టీచరు, కిటికీ వైపు చూస్తూ. "మళ్ళీ మొదటి నుంచి చెయ్యండి."

అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్క ప్రశ్న అడగాలి. అడిగి ఊరుకోవాలి. జవాబు వచ్చేదాకా నోరు మెదపకూడదు. పక్కనున్న బస్సు డ్రైవరు సునాయాసంగా నెగ్గాడు. రిటైరైన హెడ్మాస్టరు కిందా మీదా పడి నెగ్గాడు. ఈయన వల్లే కావటం లేదు. కాస్త నిశ్శబ్దం వచ్చిందంటే చాలు, నోట్లోంచి స్ప్రింగులూ స్పాంజీ దూదీ బయటికొచ్చేస్తాయి.

ఊళ్ళో పెద్ద పరుపుల షాపు ఆయనది. ఆ సంగతి ఎత్తితే ఇక ఆపడు. పెళ్ళికెళ్ళినా పరుపే, పరామర్శకెళ్ళినా పరుపే. ఒకసారి మనిషి పోయినవాళ్ళ ఇంట్లో కూర్చుని, పాపం ఆ పెద్దాయన ఇన్నేళ్ళూ ఇంత మెత్తటి పరుపు మీద ఎలా పడుకున్నాడో అని వాపోయిన ఘనుడు. చుట్టూ అందరి ముఖాలూ మాడిపోయాయి. ఆయన గమనిస్తే కదా.

ఇంట్లోనూ ఇదే వరస. భార్య పళ్ళసెట్లు చేసే ల్యాబులో పనిచేస్తుంది. అలసిపోయి వచ్చి, కాసేపు నన్నొదిలెయ్యి అంటే, లైటేసి మరీ పక్కన చేరేవాడు. ముందు చెప్పకుండా ఇంటికి ఎవరినీ తీసుకురావద్దని బతిమాలింది. సరేనన్నాడు, మర్నాడే నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. నాకు కష్టంగా ఉంది అంటే, ఇందులో కష్టమేముందని నవ్వాడు. చెడ్డవాడు కాదు. చెప్పింది చెవికి ఎక్కదు, అంతే. ఒకరోజు ఆవిడ బ్యాగు సర్దుకుని అక్కగారింటికి వెళ్ళిపోయింది. ఆ క్లాసులో చేరి నెగ్గితేనే తిరిగొస్తానంది. ఆవిడ ఉత్తుత్తి బెదిరింపులు ఎరగదు. అన్నదంటే చేస్తుంది.

నాకేం తక్కువని మొదట ఎగిరాడు. ఖాళీ ఇల్లు చూశాక దిగొచ్చాడు. భార్యంటే ఆయనకి ప్రాణం. షాపు లేకపోయినా బతుకుతాడేమో గానీ ఆవిడ లేకపోతే కష్టం.

క్లాసు తలుపు మీద 'ఆస్పర్జర్' అని రాసి ఉంటుంది. ఆ కబురు షాపు కుర్రాళ్ళ నుంచి ఆయన తల్లి చెవిన పడింది. ఆవిడ తిన్నగా మందుల షాపుకి పోయి, ఆ మాటకి అర్థమేమిటని నిలదీసింది. జబ్బు కాదమ్మా, పుట్టుకతోనే మెదడు తీరు వేరుగా ఉంటుంది అన్నాడు మందుల షాపాయన. ఎదుటివాళ్ళ ముఖం చూసి మనసు పట్టుకోవడం కష్టమట, తమకిష్టమైన సంగతి మొదలుపెడితే ఆపరట.

ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఆ పరామర్శ రోజు ఆవిడా అక్కడే ఉంది మరి.

అలాగని ఒప్పుకుంటుందా? కొడుక్కి ఫోను చేసి తలంటింది. మా వంశంలో ఇలాంటివాళ్ళు ఎవరూ లేరంది. ఇదంతా నీ పెళ్ళాం నూరిపోసిందే అంది. ఆయన అవుననలేదు, కాదనలేదు. క్లాసు సంగతి ఎవరి దగ్గరా ఎత్తనని భార్యకి మాటిచ్చాడు. ఆ ఒక్క మాటయినా నిలబెట్టుకుందామనుకున్నాడు.

ఆఖరి క్లాసుకి భార్య వచ్చింది. పరీక్ష ఆవిడతోనే. ఇందులో తప్పితే ఆవిడ అటునుంచటే అక్కగారింటికి వెళ్ళిపోతుంది.

ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"నేనేం చేస్తే నీకు ఇంట్లో హాయిగా ఉంటుంది?"

ఆవిడ బల్ల అంచుని వేలితో రాస్తూ కూర్చుంది. ఆయనకి నోటిదాకా స్ప్రింగులొచ్చాయి. మింగేశాడు. వెనకాల హెడ్మాస్టరు దగ్గాడు. ఎవరో కుర్చీ జరిపారు. ఆవిడ ఇంకా బల్ల అంచునే రాస్తోంది. ఆయనకి ఏడుపొచ్చింది. అయినా నోరు విప్పలేదు.

చాలాసేపటికి ఆవిడ అంది. "నాకు కష్టంగా ఉందంటే నమ్ము. నీకు కష్టం కాకపోయినా సరే, నమ్ము."

ఆయన తలూపాడు. నెగ్గారు అంది టీచరు. మెచ్చుకోలు లేదు, చప్పట్లు లేవు. ఆయనకి మాత్రం షాపు మొత్తం ఒక్కరోజులో అమ్ముడుపోయినంత సంబరమైంది.

అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. తల్లి రానే వచ్చింది.

"లేవరా, ఇంటికి పోదాం. నువ్వు బంగారంలాంటివాడివి," అంది. ఆ అరుపుకి టీచరు రెండు చెవులూ మూసుకుంది. పెద్దావిడ కోడలి వైపు తిరిగింది. "నా కొడుక్కి లేనిపోని ముద్ర వేయిస్తావా? నలుగురిలో చెప్పు, వీడిలో ఏం లోపం కనబడిందో."

ఆయన నోరు తెరిచాడు. భార్య వైపు చూసి మళ్ళీ మూసుకున్నాడు. అడిగింది ఆయన్ని కాదు.

ఇన్నేళ్ళూ అత్తగారు ఏమన్నా తలూపి ఊరుకున్న మనిషి లేచి నిలబడింది.

"ఆయనకి ఏ లోపమూ లేదత్తయ్యా, నాకూ లేదు. ఆస్పర్జర్ ఉన్నది నాకూ, ఈ టీచరుగారికీ. అది లేనివాళ్ళకి మాతో మసలుకోవడం నేర్పే బడి ఇది."