ముందు ఎవరికి దారి?

"మీరు జాలర్లు, నేను కంపెనీ. ఇగ అడుగుండ్రి అంకుల్!" అంటూ సాధన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

భానుమూర్తి గొంతు సవరించుకున్నాడు. మన్సూరాబాద్‌లోని తన ఇంటి డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య, వారం రోజులుగా సాయంత్రం పూట ఇదే నాటకం.

సాధన ఆయన ఇంట్లోనే పై పోర్షన్‌లో కిరాయికి ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ సీనియర్ లాయరు దగ్గర జూనియర్. ఇన్నాళ్లూ ఎల్బీనగర్ కోర్టులో వాయిదాలు అడగడమే ఆమె ఉద్యోగం. ఇప్పుడు మొట్టమొదటిసారి ఓ పెద్ద కేసు నువ్వే వాదించు అన్నాడట సీనియరు. గెలిస్తే పేరు. ఓడితే మళ్లీ వాయిదాలే.

కేసు సంగతేమిటంటే, తూర్పు తీరాన సముద్రంలో ఓ పెద్ద ఓడను తెచ్చి కట్టేస్తారట. విదేశాల నుంచి మంచుకన్నా చల్లటి ద్రవంగా వచ్చే గ్యాసును అందులో నింపి, మళ్లీ మామూలు గ్యాసుగా మార్చి, గొట్టంలో ఒడ్డుకు పంపుతారట. దానికి లైసెన్సు ఇవ్వాలా వద్దా అని ఇక్కడే నగరంలో బోర్డు ముందు విచారణ. ఒక పక్క కంపెనీ, మరో పక్క జాలర్లు.

ఆ ఓడను కట్టేసేది సరిగ్గా భానుమూర్తి పుట్టిన ఊరికి ఎదురుగానే. బడిపంతులు కొడుకే అయినా ఆయన చిన్నతనమంతా పడవల్లోనే గడిచింది. ఊరొదిలి నలభై ఏళ్లయినా ఆ సముద్రం ఆయనకి కొట్టిన పిండి. అందుకే సాధన ఏరికోరి ఆయన్నే పట్టుకుంది.

"ఆ ఓడ వాడేసి వదిలే నీళ్లు చల్లగా ఉంటాయంటగా? మా చేపలు ఏమైపోవాలి?" అన్నాడు భానుమూర్తి.

"అయిదు డిగ్రీలే తేడా. జర దూరం పోంగనే కలిసిపోతది. రిపోర్టు ఉంది," అంది సాధన టక్కున. అని, ఎందుకో మూతి ముడుచుకుంది.

"మరి గొట్టానికి తగులుకుని వలలు చిరిగితే కొత్త వలలు ఎవరిస్తారు?"

సాధన ఓడ బొమ్మ ఉన్న ఫైలంతా తిరగేసింది. జవాబు లేదు. లేకపోతే బిక్కమొహం వెయ్యాలా వద్దా? ఈ పిల్ల పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ ఎర్ర పెన్నుతో రాసుకుంది.

గట్టిపిండం, దేనికీ బెదరదు అని ముచ్చటపడ్డాడు భానుమూర్తి.

ముచ్చట వెనకాలే బెంగ. ఒక ప్రశ్న వారం నుంచి ఆయన గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటోంది. దానికి ఎవరి దగ్గరా జవాబుండదు. ఇప్పుడు సాధన చెవిన వేస్తే కంపెనీ రాత్రికి రాత్రే ఏదో ఒకటి వండుకొస్తుంది. పుట్టిన ఊరికి ద్రోహం! చెప్పకపోతేనో, రేపు ఏ జాలరో లేచి అదే అడుగుతాడు. నలుగురిలో ఈ పిల్ల నోరు వెళ్లబెట్టాలి.

"ఇంకేమన్న మిగిలిందా అంకుల్? రేపే విచారణ."

"ఏం లేదమ్మా," అన్నాడు ఆయన బట్టల తాడు వైపు చూస్తూ.

కిందికి దిగి భార్య లలితకుమారి దగ్గర అంతా కక్కేశాడు.

"దొంగ చేతికి తాళాలిస్తారా ఏంటండీ? నోరు మూసుకుని అన్నం తినండి!" అని కసిరిందావిడ. పప్పు వడ్డిస్తూ మళ్లీ ఆవిడే, "పాపం, మొన్న నాకు జ్వరమొస్తే ఆసుపత్రిలో రోజంతా కూర్చుంది ఆ పిల్లేనండీ," అంది. ఇలాంటి సలహాతో మనిషి ఏం చేసి చావాలి?

పొద్దున్నే సాధన నల్లకోటు చేతి మీద వేసుకుని గేటు దాటింది. భానుమూర్తి పేపరు అడ్డం పెట్టుకుని రెండు నిమిషాలు ఓర్చుకున్నాడు. మూడో నిమిషంలో లుంగీతోనే ఆటో ఎక్కి, ఎల్బీనగర్ మెట్రో మెట్ల దగ్గర ఆమెను అందుకున్నాడు.

"తుపానొస్తే ఆ ఓడ కట్లు విప్పుకుని నడిసముద్రంలోకి పోతుందన్నావు కదా?" అన్నాడు వగరుస్తూ.

"అవును, ప్రమాదం లేకుండ."

"దాని చుట్టూ కిలోమీటరు దాకా ఏ పడవా రాకూడదన్నావు. ఓడ కదిలితే ఆ గిరి కూడా కదులుతుంది కదమ్మా! అదే గంటలో మా ఊరి పడవలన్నీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒడ్డుకి ఉరుకుతుంటాయి. అది బయటికి, ఇవి లోపలికి. ముందు ఎవరికి దారి?"

సాధన గబగబా ఎర్ర పెన్ను తీసి, ఫైలు అట్ట మీదే రాసుకుంటూ మెట్లెక్కి పరుగెత్తింది.

ఆ రోజు భానుమూర్తికి ముద్ద దిగలేదు. ఊరి ఉప్పు తిని ఊరినే ముంచానని కుమిలిపోయాడు. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోలేదు.

సాయంత్రం సాధన వచ్చింది. "బోర్డు లైసెన్సు ఇయ్యలే అంకుల్. దరఖాస్తు వాపస్ చేసిన్రు."

ఊరు బతికిందని ఆయన గుండె ఎగిరి గంతేసింది. మరుక్షణం ఎదురుగా పిల్ల. సంతోషపడ్డందుకు సిగ్గేసింది. ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"పోన్లే తల్లీ. ఆ ప్రశ్న ముందే చెప్పి ఉంటే ఏదో జవాబు వెతుక్కునేదానివి. నా మూలానే ఓడిపోయావు," అన్నాడు.

సాధన ఆయన్ని వింతగా చూసింది.

"ఓడిపోవుడేంది అంకుల్, నాకు వకాలత్ ఇచ్చిందే మీ ఊరి జాలర్లు గదా!"