మోయించుకునే మనిషి

పరుగు సగంలో ఉండగా గాయపడిన మనిషి స్ట్రెచర్ మీద లేచి కూర్చున్నాడు.

పట్టీ వదులుగా ఉందట. దింపి, మళ్లీ బిగించి ఎత్తమన్నాడు.

మోస్తున్న నలుగురు కేడెట్లూ తమ నాయకురాలి వంక చూశారు. ఆమె చేతి గడియారం వంక చూసుకుంది. దింపక తప్పలేదు. గీత దాటేసరికి నలభై సెకన్లు ఆలస్యమైంది. పరీక్ష రెండోసారి కూడా పోయింది.

కాలేజీలో ఆమెను అందరూ గడియారం అనే పిలుస్తారు. పొద్దున్నే కవాతు, పగలంతా ఫిజిక్సు క్లాసులు, సాయంత్రం మళ్లీ మైదానం. బూట్లకంటిన మట్టితోనే ల్యాబులోకి వెళ్లి తిట్లు తినడం ఆమెకు మామూలే. డిగ్రీతోపాటే సైన్యంలో ఆఫీసరు కావాలని మూడేళ్లుగా ఈ పాట్లు పడుతోంది.

అన్నీ గట్టెక్కాయి, ఈ ఒక్కటి తప్ప. గాయపడిన మనిషిని ఇరవై నిమిషాల్లో గుట్ట చుట్టూ తిప్పి తేవాలి. ఇంకొక్క అవకాశమే ఉంది. అదీ తప్పితే డిగ్రీ ఒక్కటే మిగులుతుంది.

నిజానికి ఆ మనిషికి గాయమేమీ లేదు. ప్రతి ఆదివారం వచ్చి స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకుంటాడు, అంతే. యాభై దాటిన వయసు, దిట్టమైన ఒళ్లు. కేడెట్లు ఆయనకు మహారాజు అని పేరు పెట్టుకున్నారు.

పడుకున్నవాడు ఊరుకుంటే బాగుండేది. చెప్పకుండా ఎత్తితే గోల, చెప్పకుండా దింపితే గోల. రాయి వచ్చినా, మలుపు వచ్చినా ముందే చెప్పాలట.

ఆ రోజు ఆమె ఉండబట్టలేకపోయింది.

"మీకేం సార్, పడుకోవడానికి కూడా జీతమిస్తున్నారు."

ఆయన నవ్వేశాడు.

"పడుకున్నవాడికి ఆకాశం తప్ప ఏమీ కనపడదమ్మా. కింద ఏం జరుగుతోందో నువ్వే చెప్పాలి."

ఆఖరి పరీక్ష రోజున ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. కనీసం ఈయన నోరన్నా మూతపడుతుందని, దారి పొడుగునా చెబుతూనే పోయింది. ఎత్తుతున్నాం. ముందు రాయి ఉంది. ఎడమకు తిరుగుతున్నాం. ఇక దిగుడు, భయం లేదు.

మహారాజు ఒక్కడే కాదు, మోసేవాళ్లూ ఆ మాటలు విన్నారు. అప్పటిదాకా ఎవరి అడుగు వాళ్లు వేసిన నలుగురూ ఒక్క మనిషిలా నడిచారు. స్ట్రెచర్‌కు కుదుపన్నది లేదు. గీత దాటేసరికి ఇంకా రెండు నిమిషాలు చేతిలో ఉన్నాయి.

తోటివాళ్లంతా ఆమెను చుట్టుముట్టేశారు. ఆ సందడిలో ఆయన ఎప్పుడు లేచి వెళ్లాడో ఆమె గమనించలేదు.

డిగ్రీ చేతికొచ్చిన రోజే భుజానికి నక్షత్రమూ వచ్చింది. అమ్మ దాన్ని కొంగుతో మూడుసార్లు తుడిచింది. నాన్న ప్రతి మాటకీ ఆఫీసరుగారూ అంటూ ఏడిపించాడు. ఆ ఆనందంలో ఆమెకు మహారాజు గుర్తొచ్చాడు. ఓ సంచి నిండా పళ్లు తీసుకుని, స్ట్రెచర్లు ఉంచే గదికి వెళ్లింది.

అక్కడ శిక్షణాధికారి ఒక్కడే సామాను సర్దుతున్నాడు. మహారాజు పోయిన వారమే కూతురి దగ్గరికి వెళ్లిపోయాడనీ, ఇక రాడనీ చెప్పాడు.

ఆమెకు ఉసూరుమనిపించింది.

"ఆయన ఏ పటాలంలో పనిచేశారు సార్?"

"పటాలమా? ఆయన తాపీమేస్త్రీ అమ్మా. ఇక్కడ ఆయనకు జీతమూ లేదు, భత్యమూ లేదు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. మరి ఇన్నేళ్లు ఎందుకొచ్చాడని మెల్లగా అడిగింది.

శిక్షణాధికారి కిటికీలోంచి లైబ్రరీ భవనం చూపించాడు. అది కడుతున్నప్పుడు తానూ ఇక్కడ కేడెట్టేనన్నాడు. మేస్త్రీ రెండో అంతస్తు నుంచి జారిపడితే, కవాతు ఆపి నలుగురు కేడెట్లు పరుగెత్తారు. ఆయన్ని ఓ తలుపు చెక్క మీద వేసుకుని, ఒకరితో ఒకరు ఒక్క మాటైనా అనుకోకుండా ఆసుపత్రి వైపు ఉరికారు.

"భవనం మీంచి పడితే ఆయన కాలే విరిగింది, నడుం పోయింది మా చేతుల్లోంచి పడ్డప్పుడు. మళ్లీ నడవగలిగిన మొదటి ఆదివారమే వచ్చి, ఈసారి నేర్చుకోండి బాబూ అంటూ మా ముందు పడుకున్నాడమ్మా."